కంకర క్వారీ పక్కన ఎవరి ఇల్లు లెక్కకు వస్తుంది?

ముంబయి లాంటి నగరంలో కట్టే ప్రతి గోడకూ, వేసే ప్రతి స్లాబుకూ వెనుక ఎక్కడో ఒక కొండ తరుగుతూ ఉంటుంది. ఒక ఘనమీటరు కాంక్రీటు సుమారు 2.4 టన్నుల బరువు ఉంటే అందులో దాదాపు సగం కంకరే కాబట్టి, సిమెంటు కన్నా, ఉక్కు కన్నా నగరం ఎక్కువగా మింగేది రాయినే. కంకర బరువైన సరుకు, ధర తక్కువ. దూరం పెరిగేకొద్దీ లారీ కిరాయి సరుకు ఖరీదును మించిపోతుంది కనుక క్వారీని ఊరికి వీలైనంత దగ్గరలోనే తవ్వుతారు. ఆ క్వారీ నుంచి వచ్చిన రాయితోనే ఊరు పెరిగి, పెరిగిన ఊరు క్వారీ అంచుకు చేరుతుంది. నివాసాల పక్కన కంకర తవ్వకాన్ని అదుపు చేయడం అనే సమస్య ఇక్కడ పుడుతుంది. అధికారుల అలసత్వం దాన్ని ముదరబెట్టవచ్చు గాని, మూలం మాత్రం ఈ సరుకు స్వభావంలోనే ఉంది.

ఈ సమస్యను తెలుగువారి వైపు నుంచి చూడటానికి ముంబయిలోని కామాఠీపురాను మించిన చోటు లేదు. విలియం హార్న్‌బీ గవర్నరుగా ఉన్న కాలంలో మొదలై 1784 ప్రాంతంలో పూర్తయిన హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట, వర్లీ దగ్గర సముద్రపు పోటును ఆపి, బొంబాయి ద్వీపాల నడుమ ఏటా మునిగే పల్లపు నేలను నివాసయోగ్యం చేసింది. అలా తేలిన నేలలో కొంత భాగాన్ని పూడ్చి చదును చేశాక, పద్ధెనిమిదో శతాబ్ది చివర నుంచి నిజాం రాజ్యపు తెలుగు సీమల కూలీలు, మేస్త్రీలు అక్కడ స్థిరపడ్డారు. మట్టిపని, రాతిపని, కట్టుబడి పని చేసే వీరిని కామాఠీలు అన్నారు. ఆ పేరే పేటకు నిలిచింది. తరువాతి కాలంలో ఈ పేట పేరు వ్యభిచార గృహాలతోనే ముడిపడి లోకానికి తెలియడం వల్ల, రేవులూ రోడ్లూ భవనాలూ కట్టిన శ్రామికుల పేటగా దాని మొదటి చరిత్ర మరుగున పడింది. ఈ పనుల నుంచే కొందరు పెద్ద కాంట్రాక్టర్లుగా ఎదిగారు. జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో వెంకు బాలోజీ కాలేవార్, జయా కరాడీ లింగు వంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారన్నది ఈ పేట గర్వంగా చెప్పుకోదగిన విషయం.

కామాఠీల తరువాత కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి పద్మశాలీలు బట్టల మిల్లులకు వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లలో ఒక్కొక్క ఖోలీలో ఒక్కొక్క కుటుంబంగా సర్దుకున్నారు. పాలమూరు నుంచి మట్టిపని ముఠాలు వచ్చాయి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ పల్లె తన బతుకుదారులను మూడు మాటల్లో చెప్పుకొనే స్థితికి ఈ వలసలే కారణం. వీరందరికన్నా రాయికి దగ్గరగా బతికినవారు వడ్డెరలు. మహారాష్ట్రలో వడార్లని పిలిచే ఈ సమాజంలో మట్టి తవ్వేవారు మాతీ వడార్లు, బండ్ల మీద రాయి తోలేవారు గాడీ వడార్లు, తిరగళ్లు చెక్కేవారు జాతే వడార్లు. తరాలుగా మరాఠీ నేల మీద ఉన్నా ఇంట్లో వారు మాట్లాడే వడారీ, తెలుగు నుంచి చీలిన నుడి. నగరం అంచున రాతి గని ఉన్నచోటల్లా దాని ఒడ్డున వడ్డెరల గుడిసెలు ఉండటం ముంబయి, పుణె పరిసరాలలో అందరికీ తెలిసిన దృశ్యం.

ముంబయి క్వారీలు ఒకప్పుడు ఈనాటి నగరం నడిబొడ్డునే ఉండేవి. మలాడ్ రాయి, కుర్లా రాయి అన్న పేర్లతో కోట ప్రాంతపు పెద్ద భవనాలకు చేరిన రాయి, నేడు కిక్కిరిసిన పేటలుగా మారిన శివార్ల నుంచే వచ్చింది. అంధేరీలోని గిల్బర్ట్ హిల్ ఈ చరిత్రకు నిలువెత్తు సాక్షి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా గడ్డకట్టి ఏర్పడిన, 61 మీటర్ల ఎత్తున్న ఈ నల్లరాతి స్తంభం, చుట్టూ ఉన్న గుట్టనంతా క్వారీలు తినేయగా మిగిలిన ముక్క. 1952లో దానికి రక్షణ ప్రకటించారు, 2007లో నగరపాలక సంస్థ రెండో శ్రేణి వారసత్వ కట్టడంగా గుర్తించింది. అయితే ఆ లోపే ఇళ్లు దాని పాదాల దాకా వచ్చేశాయి. నగరం విస్తరించేకొద్దీ తవ్వకం ఠాణే వైపూ, నవీ ముంబయిలోని పార్సిక్ కొండల వైపూ, రాయగఢ్, పాల్ఘర్ జిల్లాల వైపూ జరిగింది. జరిగిన ప్రతిసారీ కూలీలు ముందు వెళ్లారు, అపార్టుమెంట్లు తరువాత వచ్చాయి, ఆ తరువాతే దుమ్ము గురించిన ఫిర్యాదులు అధికారుల బల్లల మీదికి చేరాయి. ఈ వరుసక్రమాన్ని పట్టించుకోకుండా రాసిన నియమం ఏదైనా సగం నియమమే.

క్వారీ పొరుగువారిని బాధించేవి ప్రధానంగా మూడు: పేలుడు, దుమ్ము, టిప్పర్లు. వీటిలో పేలుడు గురించి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే చట్టం ఎవరిని ఇరుగుపొరుగుగా గుర్తిస్తుందో, ఎవరిని గుర్తించదో అక్కడే బయటపడుతుంది. రాతిముఖానికి వెనుకగా వరుసల్లో రంధ్రాలు తొలిచి, అడుగున మందు నింపి, పైభాగాన్ని రాతిపొడితో గట్టిగా కూరి, రంధ్రాలు ఒకదాని తరువాత ఒకటి వెయ్యోవంతు సెకన్ల తేడాతో పేలేలా డిటొనేటర్లు అమరుస్తారు. లెక్క కుదిరితే శక్తిలో ఎక్కువ భాగం రాయిని పగలగొట్టడానికే ఖర్చవుతుంది. కూరిక చాలకపోతే రాళ్లు గాలిలోకి ఎగురుతాయి. ఒకేసారి పేలే మందు ఎక్కువైతే నేల అదురుతుంది. ఈ అదురును నేలకణం ఒక సెకనులో ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో కదిలిందన్న కొలతతో చెబుతారు. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో ఇచ్చిన ఏడో నంబరు సాంకేతిక సర్క్యులరు ప్రకారం, సెకనుకు ఎనిమిది కన్నా తక్కువసార్లు ఊగే నెమ్మదైన అదురు ఇళ్ల దగ్గర 5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఎనిమిది నుంచి ఇరవై అయిదుసార్లు ఊగేదైతే 10, అంతకు మించిన వేగంతో ఊగేదైతే 15 దాకా అనుమతి ఉంది. మామూలు ఇల్లు సహజంగా నెమ్మదిగా ఊగే కట్టడం కనుక, నెమ్మదైన అదురు దానితో శ్రుతి కలిసి ఎక్కువ నష్టం చేస్తుందన్నది ఈ తేడాకు కారణం. చారిత్రక కట్టడాలకు ఈ హద్దులు ఇంకా కఠినంగా 2, 5, 10గా ఉన్నాయి.

అదే పట్టికలో రెండో భాగం ఒకటి ఉంది, దానిని చాలామంది చదవరు. పైన చెప్పిన 5, 10, 15 అన్న హద్దులు గని యజమానికి చెందని ఇళ్లకే వర్తిస్తాయి. యజమానికే చెంది, కొద్దికాలం మాత్రమే నిలిచే ఇళ్లకు ఆ హద్దులు 10, 15, 25. యజమాని స్థలంలో యజమాని రేకులతో వేసిన కూలీల షెడ్డు సరిగ్గా ఈ రెండో భాగంలోకి వస్తుంది. ఇంజనీరు దృష్టిలో దీనికి తర్కం ఉంది: ఎలాగూ కూల్చే కట్టడానికి పగుళ్ల భయం తక్కువ. అయితే ఆ షెడ్డులో నిద్రపోయే పసిపాపకు కట్టడపు ఆయుష్షుతో నిమిత్తం లేదు. ఆస్తి నష్టాన్ని కొలవడానికి చేసిన పట్టికను మనుషుల నివాసానికి కొలబద్దగా వాడినంత కాలం, క్వారీకి అందరికన్నా దగ్గరగా ఉండే కుటుంబానికే అందరికన్నా తక్కువ రక్షణ దక్కుతుంది.

దూరం విషయంలోనూ ఇలాంటి చిక్కే కనిపిస్తుంది. కేరళ క్వారీలపై వచ్చిన ఫిర్యాదును విచారించిన జాతీయ హరిత ట్రైబ్యునల్, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచన మేరకు, పేలుడు వాడే క్వారీకి నివాసాల నుంచి 200 మీటర్లు, వాడని దానికి 100 మీటర్లు ఎడం ఉండాలని 2020 జులైలో చెప్పింది; అంతవరకు కేరళలో అమలైన దూరం 50 మీటర్లే. ఆ ఉత్తర్వు పై కోర్టులలో సవాలుకు గురైంది గాని, కొలత గురించిన చర్చకు అది ఒక ఆనవాలుగా మిగిలింది. మరోవైపు 1961 నాటి మెటలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్, అంటే లోహ గనులతో పాటు రాతి గనులకూ వర్తించే కేంద్ర నియమావళి, పేల్చే చోటు చుట్టూ 300 మీటర్ల వ్యాసార్ధాన్ని ప్రమాద మండలంగా నిర్వచించి, ఆ పరిధిలోని వారంతా సురక్షితమైన చాటుకు చేరాకే మందుకు నిప్పు ముట్టించాలంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, 250 మీటర్ల దూరంలో ఉన్న ఇల్లు ఒక నియమం ప్రకారం నిరపాయంగానూ, మరొక నియమం ప్రకారం ప్రతి పేలుడుకూ తలుపులు వేసుకొని దాక్కోవలసిందిగానూ తేలుతుంది. ఇల్లు కట్టడానికి అనుమతి ఇచ్చే పురపాలకుడికి, క్వారీకి లీజు ఇచ్చే కలెక్టరుకు, పేలుడుకు అనుమతి ఇచ్చే గనుల భద్రతాధికారికి మధ్య ఉమ్మడి పటం లేకపోవడమే ఇలాంటి వైరుధ్యాలకు మూలం.

ముంబయి పరిసరాల్లో దీనికి ఇటీవలి ఉదాహరణ ఉల్వే కొండ. నవీ ముంబయి విమానాశ్రయం కోసం సుమారు 90 మీటర్ల ఎత్తున్న ఆ కొండను పేల్చి చదును చేసినప్పుడు, పునరావాసం కోసం గుర్తించిన పది గ్రామాలలోని కుటుంబాలన్నీ ఇంకా ఖాళీ చేయకముందే పని మొదలైంది. గోడలు అదురుతున్నాయనీ, రాళ్లు ఎగిరిపడుతున్నాయనీ గ్రామస్థులు అప్పట్లో పదేపదే మొరపెట్టుకున్నారు. అది వ్యాపార క్వారీ కాదు, ప్రభుత్వ పథకం. అయినా పేలుడుకు ఎదురుగా ఉన్న ఇంటికి ఆ తేడా తెలియదు. ఇలాంటి చోట్ల పగుళ్ల వివాదాన్ని తేల్చే సులువైన పద్ధతి ఉంది: పేలుళ్లు మొదలుపెట్టక ముందే ప్రతి ఇంటి గోడలనూ ఫోటోలు తీసి, ఉన్న పగుళ్ల మీద అడ్డంగా సన్నని గాజు పట్టీలు అతికించి తేదీ రాయడం. పగులు పెరిగితే గాజు పుటుక్కున విరుగుతుంది. పట్టీ ఖరీదు స్వల్పం, సాక్ష్యం బలమైనది. లీజు షరతులలో దీన్ని తప్పనిసరి చేస్తే చాలా తగాదాలు మొదట్లోనే తెగుతాయి.

దుమ్ము విషయానికి వస్తే, ముంబయి రాయికీ తెలంగాణ రాయికీ ఉన్న తేడా తెలుసుకోవాలి. దక్కను లావా నుంచి వచ్చిన నల్లరాయి బసాల్ట్‌లో విడి క్వార్ట్జ్ చాలా తక్కువ. పాలమూరు, నల్లగొండ గ్రానైటులో మాత్రం అది తరచు ఐదో వంతును మించుతుంది. క్వార్ట్జ్ సన్నని పొడిగా ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కట్టించే మానని జబ్బే సిలికోసిస్. అందువల్ల ఊళ్లో గ్రానైటు క్వారీలో పదేళ్లు పనిచేసి, తరువాత ముంబయి అంచున బసాల్ట్ కొట్టే కూలీ దగ్గును పరీక్షించే వైద్యుడు ఇప్పటి పనిని మాత్రమే అడిగితే జబ్బు అంతుపట్టదు. బసాల్ట్ దుమ్ము నిరపాయకరమని దీని అర్థం కాదు. ఏ సన్నని దుమ్మయినా పిల్లలకూ, ఆయాసం ఉన్నవారికీ కీడే. స్టోన్ క్రషర్ యంత్రాల నుంచి 3 నుంచి 10 మీటర్ల మధ్య గాలిలోని ధూళి ఘనమీటరుకు 600 మైక్రోగ్రాములు మించరాదని పర్యావరణ పరిరక్షణ నియమాలు చెబుతాయి. నివాసాల గాలిలో పది మైక్రాన్లలోపు ధూళి రోజు సగటున 100 మైక్రోగ్రాములు దాటరాదన్నది జాతీయ ప్రమాణం. మొదటి హద్దును పాటించిన క్రషరు పక్కనే గుడిసె ఉంటే రెండో హద్దు దాటిపోయే అవకాశమే ఎక్కువ. జల్లెడలకూ కన్వేయరు బెల్టులకూ మూతలు, రాయి పడే ప్రతిచోటా నీటి తుంపర, గాలి వచ్చే వైపు గోడ, దారిని తడపడం, టిప్పరుపై టార్పాలిన్ అన్నవి కొత్త ఉపాయాలేమీ కావు; నీళ్ల మోటారు ఆపి కరెంటు ఆదా చేసుకొనే క్షణం నుంచే అవి కాగితానికి పరిమితమవుతాయి.

చట్టం ఈ వ్యవహారాన్ని ఎలా పంచిందో కూడా చూడాలి. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం భవన నిర్మాణపు రాయిని, గ్రావెల్‌ను, మామూలు ఇసుకను చిన్న ఖనిజాలుగా పేర్కొని, వాటి నియమాలు రాసే అధికారాన్ని 15వ సెక్షను ద్వారా రాష్ట్రాలకు వదిలింది. మహారాష్ట్ర 2013లో కొత్త నియమాలు చేసుకుంది. అక్కడ ఈ పని కలెక్టరు, తహసీల్దారు చేతుల్లో, అంటే రెవెన్యూ శాఖ చేతుల్లో ఉంటుంది. రాయల్టీని నూరు ఘనపుటడుగుల కొలత అయిన బ్రాసు లెక్కన వసూలు చేసి, లారీకి మహాఖనిజ్ అనే కంప్యూటరు వ్యవస్థ ద్వారా రవాణా పాసు ఇస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో గనులు, భూగర్భ శాఖ సీనరేజి పేరుతో ఇదే పని చేస్తుంది. రెండు చోట్లా లెక్క ప్రధానంగా ఎంత రాయి బయటికి పోయిందన్నదే. ఎంత దుమ్ము ఎవరి ఇంట్లో పడిందన్నది వేరే శాఖ పని, ఆ శాఖకు కాంటా దగ్గర మనిషి ఉండడు.

ఐదు హెక్టార్ల లోపు క్వారీలకు పర్యావరణ అనుమతి అక్కరలేదన్న వెసులుబాటును వాడుకొని పెద్ద కొండను చిన్న ముక్కలుగా లీజుకు తీసుకొనే పద్ధతికి, దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. 2016 జనవరి 15 నాటి కేంద్ర ప్రకటన, 500 మీటర్ల లోపు ఎడంతో ఉన్న ఒకే ఖనిజపు లీజులను సముదాయంగా కలిపి చూడాలని చెప్పింది. ఇది మంచి మార్పు, ఎందుకంటే పది క్వారీల దుమ్ము ఒకే బస్తీలో పడుతుంది గాని పది ఫైళ్లుగా విడివిడిగా పడదు. బహిరంగ విచారణ అవసరమైన చోట ముప్ఫై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇచ్చి, నివేదిక సారాంశాన్ని ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ అందుబాటులో ఉంచాలి. మహారాష్ట్రలో స్థానిక భాష అంటే మరాఠీ. క్వారీ ఒడ్డున వడారీ మాట్లాడే కుటుంబానికి, పాలమూరు నుంచి ఒక సీజను కోసం వచ్చిన ముఠాకు ఆ సారాంశం చదివి వినిపించే బాధ్యత ఎవరి మీదా లేదు. ఓటు ఊళ్లో, రేషను కార్డు ఊళ్లో ఉన్నవారిని విచారణకు పిలవాలన్న ఆలోచన కూడా తట్టదు.

కార్మిక చట్టాల దారిలోనూ వీరు రెండు గట్ల మధ్య జారిపోయారు. 1952 నాటి గనుల చట్టం, ఆరు మీటర్ల లోతు మించని, యాభై మందికి మించి పనిచేయని, పేలుడు పదార్థం వాడని రాతి, గ్రావెల్ తవ్వకాలను చాలా నిబంధనల నుంచి మినహాయించింది. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టమేమో గనుల చట్టం వర్తించే పనిని తన పరిధి నుంచి తప్పించింది. ఫలితంగా కాంక్రీటు పోసే కూలీకి దొరికే సంక్షేమ నిధి, ఆ కాంక్రీటుకు కంకర కొట్టిన కూలీకి దశాబ్దాలుగా అందలేదు. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి ఈ రెండు చట్టాలతో కలిపి పదమూడు చట్టాలను ఒకే గొడుగు కిందికి తెచ్చింది కనుక, కింది స్థాయి నియమాలలోనైనా ఈ సందు మూతపడాలి. గ్రావెల్, మొరం వంటి వదులు నేలలో మెట్టు ఎత్తు 1.5 మీటర్లు మించరాదనీ, మెట్టు వెడల్పు ఎత్తుకు తగ్గరాదనీ 1961 నియమావళి స్పష్టంగా చెబుతుంది. అయినా జేసీబీతో నిలువుగా కోసిన మొరం గోడ కింద నిలబడి పనిచేసే దృశ్యం ఏ రోడ్డు పని దగ్గర చూసినా కనిపిస్తుంది.

నివాసం, పనిచోటు కలిసిపోతే ఏమవుతుందో కర్నూలు జిల్లా హత్తిబెళగల్ చూపించింది. 2018 ఆగస్టు 3 రాత్రి ఆ క్వారీలో పేలుడు పదార్థాలు పేలి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన పది మందికి పైగా కూలీలు ప్రాణాలు కోల్పోయారు. ఊరి ఇళ్లకు ఎంత ఎడం ఉండాలన్న చర్చ ఎంత ముఖ్యమో, మందు నిల్వకూ కూలీల పడక చోటుకూ ఎంత ఎడం ఉందన్న ప్రశ్న అంతకన్నా ముఖ్యం. పేలుడు పదార్థాల నిల్వకు 2008 నాటి నియమాలు లైసెన్సును, రక్షణ దూరాలను నిర్దేశించాయి. వాటిని పగటిపూట ఒకసారి తనిఖీ చేస్తే చాలదు, రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో చూడాలి.

ఈలోగా కామాఠీపురా చాళ్లను పడగొట్టి మొత్తం పేటను తిరిగి కట్టే పథకాన్ని మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేపట్టింది. వందలాది పాత భవనాల చోట లేచే టవర్లకు కావలసిన కంకర, ఠాణే, రాయగఢ్, పాల్ఘర్ క్వారీల మీద కొత్త ఒత్తిడిగా మారుతుంది. కూల్చిన శిథిలాలను వాడుకోవచ్చునా అంటే, కొంతవరకు వాడుకోవచ్చు. కాంక్రీటును నలగ్గొట్టి తీసిన కంకరను ఉక్కు లేని కాంక్రీటులో 25 శాతం, ఎం25 లేదా అంతకు తక్కువ శ్రేణి ఉక్కు కాంక్రీటులో 20 శాతం దాకా కలపడానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 383, 2016లో అనుమతించింది. పాత చాళ్లలో ఎక్కువగా దొరికేవి ఇటుక, రాయి, సున్నం, కలప కాబట్టి ఆ శిథిలాలు పునాది కింద వేసే బలహీన కాంక్రీటుకూ, పూడికకూ పనికివస్తాయి. అవి నింపిన మేరకు కొత్త రాయి తవ్వకుండా మిగులుతుంది. టెండరు షరతుల్లో ఈ వాటాను ముందే రాయించుకోవడం మ్హాడా చేతిలోని పని.

క్వారీల వైపు చేయవలసిన పని ఇంకా సూటిగా ఉంది. ప్రతి లీజుకూ ఉపరితల పటం ఒకటి ఉంటుంది. తవ్వకపు హద్దులు, దారులు, చెట్లు, నీటి వాగులు, చుట్టుపక్కల ఇళ్లు అందులో గుర్తిస్తారు. లీజు కొత్తగా ఇచ్చేటప్పుడూ, పొడిగించేటప్పుడూ తహసీల్దారు ఆ పటాన్ని చేతపట్టుకొని నడిచి, కూలీల షెడ్లను కూడా నివాసాలుగా అందులో ఎక్కించాలి. దూరాన్ని వాటి నుంచి కొలవాలి. అదురుకు యజమాని ఇల్లు, పరాయి ఇల్లు అన్న తేడా లేకుండా 5, 10, 15 హద్దులనే వర్తింపజేయాలి. ఆ దూరం దొరకని చోట కుటుంబాలకు నీళ్లు, బడి ఉన్న చోట వసతి కల్పించాకే తొలి రంధ్రం తొలిచేందుకు అనుమతించాలి. అదే పటాన్ని పురపాలక సంస్థ కూడా దగ్గర ఉంచుకుంటే, లీజు ఇంకా పదేళ్లు మిగిలి ఉన్న క్వారీ అంచున అపార్టుమెంట్లకు అనుమతి ఇచ్చేముందు బిల్డరు ఆ సంగతి కొనుగోలుదారులకు రాతపూర్వకంగా చెప్పాలని షరతు పెట్టవచ్చు. లీజు ముగిశాక మిగిలే గుంతకు కంచె, పూడిక లేదా చెరువుగా మలిచే ఏర్పాటు ఖర్చును యజమాని మొదటి రోజే పూచీకత్తుగా జమ చేయాలి. వానాకాలంలో నీళ్లు నిండిన వదిలేసిన గుంతల్లో ఈతకు దిగి మునిగిపోయే పిల్లలు, ఎక్కువగా ఆ ఒడ్డున మిగిలిపోయిన బస్తీల పిల్లలే.